గుణుపురం వదిలి ఒక్కదాన్నే ఉండాలి: రాయగడా, పర్లాకిమిడా, బరంపురమా?

వంశధార ఒడ్డు

అందరికీ నమస్కారం. ఒడిశాలో రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్ జిల్లాల వైపు తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని ధైర్యం చేసి రాస్తున్నాను. నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు చదవడం, రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

నాకు 28. పెళ్ళి కాలేదు. కారణాలు అడక్కండి, సంబంధాలు కూడా చెప్పకండి, ముందే దణ్ణం పెడుతున్నాను. ఊరు గుణుపురం. చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టరు రాసిన రికార్డు చదివి, జబ్బుకి ఒక కోడు, చేసిన వైద్యానికి ఒక కోడు వేయాలి. అవి చూసి అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు ఆసుపత్రికి డబ్బు కడతారు. అమీర్‌పేటలో కోర్సు చేసి, మూడేళ్ళు హైదరాబాద్‌లోనే పనిచేశాను. తర్వాత కంపెనీ ఇంటి నుంచి చేసుకోమంది. ఏడాదిన్నరగా గుణుపురంలో అన్నయ్య దగ్గర ఉంటున్నాను. నాన్న లేరు. అమ్మ, అన్నయ్య, వదిన, ఆరేళ్ళ మేనల్లుడు, నేను. ఇల్లు రెండు గదులూ ఒక వరండా.

చిక్కంతా ఆ రెండు గదులతోనే. నేను చూసే రికార్డుల్లో రోగుల పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ ఉంటాయి. 1996లో వాళ్ళు చేసుకున్న చట్టం ఒకటుంది, హిపా అంటారు. దాని కింద కంపెనీ పెట్టిన రూలు ఏమిటంటే, నా స్క్రీను ఇంకొకరి కంట పడకూడదు, గదికి తలుపు ఉండాలి, ఆ తలుపు వేసి ఉండాలి. మా ఇంట్లో తలుపున్న గది అన్నయ్యా వదినలది. నేను వరండాలో చీర అడ్డం కట్టి పనిచేస్తున్నాను. పోయిన నెల టీమ్ లీడ్‌తో వీడియో కాల్‌లో ఉండగా మావాడు చీర కింద నుంచి దూరి వచ్చి, స్క్రీను మీద పేరు కూడబలుక్కుని చదివి, "అత్తా, రాబర్ట్ అంటే ఎవరు?" అని గట్టిగా అడిగాడు. నవ్వొస్తుంది కదా? నాకు మాత్రం వార్నింగ్ మెయిల్ వచ్చింది. సెప్టెంబరు ఆఖరులోగా సరైన గది ఫోటో పంపమన్నారు. అక్టోబరు 1 నుంచి ఏటా కొత్త కోడ్లు అమల్లోకి వస్తాయి. ఆ నెలలో మాకు ఊపిరాడదు, ఇల్లు మారడం కుదరదు.

ఇదొక్కటే కారణమంటే అబద్ధం అవుతుంది. హైదరాబాద్‌లో గదికి నలుగురం. ఇక్కడ ఐదుగురం. ఇన్నేళ్ళు వచ్చాయి, నాది అని చెప్పుకోవడానికి ఒక తాళం చెవి లేదు. ఆదివారం పదింటిదాకా పడుకోవాలని ఉంది. రాత్రి గుడ్డు వేపుకుని తినాలని ఉంది (వదినకి ఆ వాసన పడదు, ఆవిడ తప్పేం లేదు). అమ్మతో ఈ మాట అంటే, "ఏటే, ఇక్కడ నీకేటి తక్కువయ్యింది?" అంది. ఏం చెప్తాను? ఏదీ తక్కువ కాలేదు.

ఊళ్ళు ఆలోచించాను. రాయగడలో పిన్ని ఉంది. బస్సెక్కితే రెండు గంటల పైన. నాగావళి, మజ్జిగౌరమ్మ గుడి, తెలుగు మాట్లాడితే ఎవరూ వింతగా చూడరు. కానీ పార్వతీపురం, బొబ్బిలి నుంచి అమ్మవారికి మొక్కులు తీర్చుకోవడానికి వచ్చే మా చుట్టాలంతా పిన్ని ఇంట్లోనే దిగుతారు. నేనక్కడ గది తీసుకుంటే అది రెండో సత్రం అయిపోతుంది. పైగా 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజనుకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఇంటివాళ్ళు అద్దె చెప్పే గొంతే మారిపోయిందని పిన్ని మాట.

పర్లాకిమిడి మా రైలు దారిలోనే ఉంది. మామయ్య ఉన్నాడు, మంచివాడే. చిన్న ఊరు. మరీ చిన్నదా అని నా అనుమానం. నా షిఫ్టు రాత్రి తొమ్మిదికి అవుతుంది. అప్పుడు బయటికొచ్చి ఒక టీ తాగాలన్నా నాతో నడిచేవాళ్ళు ఎవరుంటారు?

బరంపురం ఒక్కసారే వెళ్ళాను, పరీక్ష రాయడానికి. గుర్తున్నది ఎండ, స్టేషను బయట తిన్న ఉప్మా-ఘుగుని (బఠాణీల కూర). అక్కడ నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. అదే బాగుంటుందేమో అనిపిస్తుంది, ఆ వెంటనే అదే భయమేస్తుంది. జయపురం చల్లగా ఉంటుందని, అద్దెలు తక్కువని ఫ్రెండ్ అంటుంది. కానీ మా ఊరి నుంచి రాయగడ వెళ్ళి, మళ్ళీ అక్కడి నుంచి కొండలెక్కాలి.

ఆంధ్రా వైపు ఎందుకు వెళ్ళవని అడుగుతారు. హైదరాబాద్‌లో హాస్టల్ ఆవిడ మూడేళ్ళూ నన్ను "ఒరిస్సా పిల్ల" అనే పిలిచింది. "తెలుగు బాగానే నేర్చుకున్నావే" అని మెచ్చుకునేది కూడా. భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూకి వెళితే "తెలెంగా" అన్నారు. రెండు చోట్లా పరాయిదాన్నే కాబట్టి, ఇంటికి దగ్గరగా ఉన్న పరాయి ఊరు ఏదో చూసుకుంటే చాలనుకుంటున్నాను.

జీతం చేతికి 31 వేలు. ఇంటికి 8 వేలు ఇస్తాను, అది ఆగదు. అద్దెకి 6 వేలకి మించి పెట్టలేను.

చివరిది, అసలైనది. అమ్మకి సుగరు, బీపీ. నేను హైదరాబాద్‌లో ఉండగా ఒక రాత్రి కళ్ళు తిరిగి పడిపోయింది. నాకు టికెట్ దొరికి ఇల్లు చేరేసరికి రెండో రోజు మధ్యాహ్నం అయింది. వెళ్ళేసరికి అమ్మ లేచి కూర్చుని నాకు కాఫీ పెట్టింది. ఆ కాఫీ తాగలేకపోయాను. అందుకే ఎంత దూరం వెళ్ళాలన్నది తేలటం లేదు.

ఒంటరిగా అద్దెకున్నవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మీరు ఏం చూసి ఊరు ఎంచుకున్నారో చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉత్తరమే అంటాను, పోస్టు అనడం నాకు రాదు. తెలుగులో తప్పులేమీ లేవు. మా స్కూల్లో తెలుగు చదివిన పిల్లలు కూడా ఇంత తేటగా రాయరు.

మా ఊరు నాకు ప్రాణం. అయినా నిజం చెప్తాను. గది దొరుకుతుంది, నాలుగు వేలకే మంచి గది దొరుకుతుంది. కూరలు చవక. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. సిమ్ము అటూ ఇటూ సిగ్నలు మారుతుంటుంది తప్ప మనుషులు మారరు. కానీ మీరు ఎవరి మేనకోడలో ఊరంతటికీ మూడో రోజుకే తెలిసిపోతుంది. రాత్రి తొమ్మిదికి టీ తాగారనుకోండి, తొమ్మిదిన్నరకి మీ మామయ్యకి ఫోను వెళుతుంది. ఫోను చేసేవాడు చెడ్డవాడేం కాదు, మీ బాగు కోరేవాడే. మీరు తప్పించుకోవాలనుకుంటున్నది ఆ బాగు కోరడం నుంచే అని నాకు అర్థమైంది.

ఇంకొకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా ఎంత దెబ్బతిందో మీకూ తెలుసు. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు ఐదేళ్ళ ముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర దాటింది, అది బరంపురం పక్కనే. మీ కొత్త కోడ్లూ మా తుఫానులూ ఒకే నెలలో వస్తాయన్నమాట. ఏ ఊరు వెళ్ళినా ఇది లెక్కలో వేసుకోండి. పెద్ద ఊళ్ళో కరెంటు ముందు వస్తుంది, చిన్న ఊరికి తర్వాత వస్తుంది. నేను చూసింది అంతే.

పరాయితనం గురించి రాశారు. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, దానికి పుస్తకాలు రాసి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఆ వయసులో ఆయన కదలగలిగారు, మీకు 28. ఊరు వదిలినంత మాత్రాన ఊరు మిమ్మల్ని వదిలేస్తుందని బెంగ వద్దు. ఇప్పటికీ ఆయన మావారే అంటాం.

రెండు రాష్ట్రాలోడు

ఇంత ఆలోచన దేనికండీ. వైజాగ్ వెళ్ళిపోండి. మాల్స్, బీచ్, ఆఫీసులు, అన్నీ ఉన్నాయి. ఈ చిన్న ఊళ్ళలో ఒంటరి అమ్మాయికి ఇల్లే ఇవ్వరు. నేను మగాణ్ణి, నాకే రాయగడలో "ఫ్యామిలీకే ఇస్తాం" అని నాలుగు చోట్ల చెప్పారు. ఐదో చోట ఇచ్చారు గానీ మాంసం వండొద్దన్నారు. ఆరు నెలలు పక్కింటి కోడిని చూస్తూ బతికాను.

వంశధార ఒడ్డు

@రెండు రాష్ట్రాలోడు, కోడి మాటకి వదిన కూడా నవ్వింది. వైజాగ్‌లో ఆరు వేలకి తలుపున్న గది ఎక్కడో చెప్పండి, రేపే సామాను సర్దుకుంటాను. నేను అడిగితే 9 వేలు, పది నెలల అడ్వాన్సు అన్నారు. పైగా బీచ్‌కి రోజూ ఎవరు వెళ్తారు? హైదరాబాద్‌లో మూడేళ్ళలో ట్యాంక్‌బండ్ రెండుసార్లు చూశాను.

మాస్టారూ, "బాగు కోరడం నుంచి తప్పించుకోవడం" అన్నారు చూడండి, ఆ మాట నాకు ఏడాదిన్నరగా దొరకలేదు. అమ్మకి చదివి వినిపించలేదు.

బరంపురం బాబాయి

చూడమ్మా, మాది దేవాంగుల కుటుంబం. తాతల నాడు పట్టు మగ్గాలతో ఇక్కడికి వచ్చాం. నేను మగ్గం మీద కూర్చోలేదు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ కలిసిపోతాయి. నీలాంటివాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది. వి.వి. గిరి గారు పుట్టింది కూడా ఇక్కడే, 1894లో. కాబట్టి పరాయితనం సంగతి పక్కన పెట్టు. ఇక్కడ ఎవరు ఏమిటన్నది ఎవరికీ సరిగ్గా తెలియదు.

నీకు కావలసింది పని జరిగే గది, కాబట్టి దాని గురించే చెప్తాను.

ఫైబర్ నెట్ చాలా వీధుల్లో ఉంది. కానీ "వీధిలో ఉంది" వేరు, "ఈ ఇంటికి వస్తుంది" వేరు. గది చూడగానే పక్కింటి గోడ మీద డబ్బా ఉందో లేదో చూడు. ఉంటే ఏ కంపెనీదో రాసుకుని, వాళ్ళ లైన్‌మన్‌నే అడుగు. ఇంటి యజమాని ఎప్పుడూ "వస్తుందమ్మా" అనే అంటాడు, ఆయనకి టీవీ వస్తే చాలు. మా అబ్బాయికి ఒక కంపెనీ (పేరెందుకులే) రెండు రోజుల్లో పెడతామని చెప్పి ఇరవై రోజులు తిప్పింది. కాబట్టి ఒకటో తేదీకి పని మొదలవ్వాలంటే పది రోజుల ముందే గది చేతిలో ఉండాలి. రెండో సిమ్ము వేరే కంపెనీది పెట్టుకో.

కరెంటు ఎండాకాలం సాయంత్రాలు గాలివానకి పోతుంది. దానికి పెద్ద ఇన్వర్టరు కొననక్కర్లేదు. రూటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ అని దొరుకుతుంది, అరచేతంత ఉంటుంది. రూటరు తినేది పది, పన్నెండు వాట్లే కనక అది రెండు మూడు గంటలు లాగుతుంది. లాప్‌టాపుకి దాని బ్యాటరీ ఉండనే ఉంది. ఫ్యాను లేకపోవడం ఒక్కటే బాధ. మే నెల బరంపురంలో అది చిన్న బాధ కాదు, ముందే చెప్తున్నాను. సముద్రం పదిహేను కిలోమీటర్లలో ఉంది, గాలి తేదు, చెమట తెస్తుంది.

అద్దె విషయం. నువ్వు చెప్పిన ఆరు వేలకి గాంధీనగర్ లాంటి చోట కష్టం. ఆస్కా రోడ్డు వైపు లోపలి సందుల్లో, గోసానినువాగాం వైపు పై అంతస్తు గది, వంటకి చిన్న చోటు, విడిగా బాత్రూము ఆ ధరకి నేను చూశాను. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుంటారు. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఆ పదకొండు. కంగారు పడకు, అందరూ అంతే. కాగితం లేకుండా మాత్రం దిగొద్దు. నీ ఆధార్ అడ్రసు మార్చాలన్నా, ఓటు ఇక్కడికి మార్చుకోవాలన్నా (దానికి ఫారం 8) రిజిస్టరు కాని కాగితం చాలకపోవచ్చు, ముందే కనుక్కో. నాలుగు నెలల అడ్వాన్సు అడిగితే రెండుకి బేరమాడు.

ఒంటరి ఆడపిల్లకి ఇవ్వరన్నది సగం నిజం. మెడికల్ కాలేజీ, యూనివర్సిటీ, ఐసర్ (సైన్సు చదువుల కేంద్ర సంస్థ) ఉన్న ఊరు ఇది. బయటి ఊళ్ళ నుంచి వచ్చి చదువుకునే, పనిచేసే ఆడపిల్లల్ని చూడటం ఇంటివాళ్ళకి అలవాటే. "ఏం పని చేస్తావు, ఇంట్లోనే కూర్చుంటావా?" అని మాత్రం అనుమానంగా అడుగుతారు. కంపెనీ ఐడీ కార్డు, జీతం చీటీ చూపించు. "అమెరికా ఆసుపత్రుల లెక్కలు చూస్తాను" అని చెప్పు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తమ రిపోర్టు తెచ్చి చూపిస్తారు, దానికి నేనేం చెయ్యలేను.

నైట్ డ్యూటీ అక్క

నేను జయపురంలో నర్సుని. సొంతూరు టెక్కలి దగ్గర. ఆరేళ్ళుగా ఒక్కదాన్నే అద్దెకుంటున్నాను, ఇది మూడో ఇల్లు. డ్యూటీ దిగి రాస్తున్నాను, కాబట్టి కాస్త గజిబిజిగా ఉంటుంది.

జయపురం బాగుంటుంది, అబద్ధం చెప్పను. డిసెంబరులో రెండు దుప్పట్లు కావాలి. ఇక్కడి రాజావారు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మనిషి, తెలుగుకి ఇక్కడ ఇంకా మర్యాద ఉంది. కానీ నీకు కాదు చెల్లీ. వానాకాలం కొండచరియలు పడితే అరకు మీదుగా వచ్చే లైను ఆగిపోతుంది. రాయగడ వైపు దిగినా, అక్కడి నుంచి మీ ఊరికి రైలు లేదు, మళ్ళీ బస్సే. నేను మా నాన్న పెద్దకర్మకి కూడా ఒక రోజు ఆలస్యంగా చేరాను.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. ఇది నర్సుగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. అర్ధరాత్రి ఆవిడ పడిపోతే నువ్వు రాయగడలో ఉన్నా పర్లాకిమిడిలో ఉన్నా అందవు. ఆ గంటలో ఆవిణ్ణి లేపేది మీ అన్నయ్య, మంచినీళ్ళు ఇచ్చేది మీ వదిన, తీసుకెళ్ళేది 108. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించు. గుణుపురంలో చూసి, మన వల్ల కాదనుకుంటే ఎక్కడికి రాసిస్తారు? మీ వైపు నుంచి పెద్ద కేసులు ఎక్కువగా బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికే (ఎంకేసీజీ) వెళ్తాయి. అక్కడికి వచ్చాక ఏ బిల్డింగుకి వెళ్ళాలో తెలియక, మందుల చీటీ పట్టుకుని ఎటు పరిగెత్తాలో తెలియక, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియక మగవాళ్ళు కూడా మెట్ల మీద కూర్చుని ఏడవడం చూశాను. నేను ట్రైనింగ్ చేసింది బరంపురంలోనే. ఆ ఊళ్ళో ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి, గేటు దగ్గర నిలబడి "అన్నయ్యా, ఇటు" అనే మనిషి ఉంటే ఎంత తేడానో నీకు ఎలా చెప్పను? నువ్వు ఇన్నాళ్ళూ ఇంటి నుంచి ఎంత దూరమని లెక్క పెడుతున్నావు. అమ్మని తీసుకొచ్చే చోటు నుంచి ఎంత దూరమో లెక్క పెట్టు.

అలాగని మీ అమ్మ జబ్బు కోసమే ఊరు ఎంచుకోమని కాదు. ఆ భయం అడ్డు తొలగితే నీకు ఏ ఊరు కావాలో నీ పోస్టులోనే రాసుకున్నావు. మళ్ళీ చదువుకో.

ఇల్లు చూసేటప్పుడు రెండుసార్లు చూడు. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకి. వీధి దీపం వెలుగుతుందా, ఆ మూల పాన్ కొట్టు దగ్గర ఎవరు నిలబడతారు, గేటు తాళం ఎన్నింటికి వేస్తారు, నీకు దాని తాళం ఇస్తారా. నా మొదటి ఇంటావిడ తాళం ఇవ్వలేదు, నైట్ డ్యూటీ నుంచి తెల్లారి వచ్చి ఆవిడ పూజ అయ్యేదాకా అరుగు మీద కూర్చునేదాన్ని. నాలుగు నెలలకే మారాను. అంతకు ముందు ఆ గదిలో ఉన్న మనిషి ఎందుకు ఖాళీ చేశారో అడుగు. ఇంటావిడ చెప్పేదానికన్నా ఎదురింటావిడ చెప్పేది విను.

వంశధార ఒడ్డు

అక్కా, నీ రిప్లై వచ్చి రెండు రోజులైంది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

నీ మాట విని నా పోస్టు మళ్ళీ చదివాను. రాయగడ గురించి రాసింది పిన్ని గురించి. పర్లాకిమిడి గురించి రాసింది మామయ్య గురించి. బరంపురం గురించి ఒక్కచోటే నేను తిన్న ఉప్మా ఉంది. నాకే సిగ్గేసింది.

అన్నయ్యకి నీ ముక్క చదివి వినిపించాను, 108 దాకా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నని తీసుకెళ్ళినప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాను, నీకు చెప్పలేదు" అన్నాడు. నాకు నిజంగా తెలియదు. అప్పుడు నాకు పరీక్షలు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

శనివారం పూరీ ప్యాసింజరు ఎక్కుతున్నాను. నౌపడా దాకా వెనక్కి దిగి, మళ్ళీ పలాస మీదుగా పైకి వెళ్ళడం. బస్సు కన్నా ఎక్కువసేపు పడుతుందట, అయినా కూర్చోవచ్చు. బాబాయిగారూ, ఆస్కా రోడ్డు వైపు మీరు చూసిన గదుల వివరం మెసేజ్ పెడతారా? రాత్రి తొమ్మిదిన్నరకి చూడాలంటే ఆ రాత్రి ఎక్కడ ఉండాలో కూడా చెప్పండి.

బరంపురం బాబాయి

మా ఇంట్లోనే ఉండమ్మా. మీ పిన్ని (నా భార్య) నీ పోస్టు చదివినప్పటి నుంచి గుడ్లు కొని పెట్టింది.

వంశధార ఒడ్డు

అప్‌డేట్ అడిగినవాళ్ళందరికీ.

నాలుగు గదులు చూశాను. మొదటిదానికి కిటికీ లేదు. రెండో ఇంటాయన, "వారానికి ఒకసారి మీ అన్నయ్య వచ్చి సంతకం పెట్టాలి" అన్నాడు, ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. మూడోది పగలు చాలా నచ్చింది. అక్క చెప్పినట్టు రాత్రి మళ్ళీ వెళితే సందు మొదట్లో దీపం లేదు, కుక్కలు ఏడు (లెక్కపెట్టాను). నాలుగోది ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటి పై అంతస్తు. ఒడియావాళ్ళు. ఆవిడకి తెలుగు సీరియల్ కథలన్నీ తెలుసు, భాష రాదు. 5,500. రెండు నెలల అడ్వాన్సు. పక్క గోడ మీద నెట్ డబ్బా ఉంది. గేటు తాళం అడగకముందే చేతిలో పెట్టి, "పదకొండు దాటితే బెల్లు కొట్టకు, నాకు నిద్ర పట్టదు, నువ్వే తీసుకుని రా" అంది. మాఉసీ (పిన్ని) అని పిలవమంది. గుడ్డు గురించి అడిగితే, చేప వండితే తనకీ ఒక ముక్క ఇమ్మంది.

తలుపు ఫోటో కంపెనీకి పంపాను. మేనల్లుడు ఆ ఫోటో చూసి, "రాబర్ట్ ఇక్కడ ఉంటాడా?" అన్నాడు.

అమ్మ ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కానీ నిన్న చింతపండు, ఊరమిరపకాయలు, పాత బొంత ఒక సంచిలో కట్టి గుమ్మం పక్కన పెట్టింది. ఎవరి కోసమో చెప్పలేదు.

ఒక సందేహం. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఇన్వర్టరు బ్యాటరీ అన్నయ్య కొట్లో పడి ఉంది. ప్యాసింజరులో నాతో తీసుకెళ్ళనిస్తారా?

బరంపురం బాబాయి

యాసిడ్ బ్యాటరీ రైల్లో వద్దమ్మా, ప్రమాదం. మీ ఊళ్ళోనే పాత బ్యాటరీ కొనేవాడికి ఇచ్చెయ్, తూకం దగ్గర జాగ్రత్త. ఆ చిన్న యూపీఎస్ నేను కొని ఉంచుతాను. శనివారం ఏ బోగీలో ఉన్నావో మెసేజ్ పెట్టు, స్టేషనుకి వస్తాను.